స్టెరైల్ ప్యాకెట్ గురించి తెరిచే చేతులకు తెలిసింది

స్టెరైల్ ప్యాకెట్‌తో, అంటే క్రిములు లేని వైద్య సామగ్రిని అలాగే కాపాడే కవరుతో, ఆపరేషన్ థియేటర్ సిబ్బందికి ఉండే పని ఐదారు సెకన్లే. బొటనవేళ్లు రెండు అంచులను దొరకబుచ్చుకుంటాయి, సీల్ ఒలుచుకుంటూ వస్తుంది, లోపలి వస్తువు అవతలి చేతికి అందుతుంది, ఖాళీ కవరు బుట్టలో పడుతుంది. అదే ప్యాకెట్‌ను ఫ్యాక్టరీలో వేడితో అతికించి, గ్యాస్‌లోనో రేడియేషన్‌లోనో స్టెరిలైజ్ చేసి, లారీ కుదుపులకు ఓర్చుకుంటుందో లేదో చూసి, ఏళ్లపాటు అలమరలో ఉన్నా సీల్ విడిపోదని తేల్చుకున్నాకే బయటికి పంపుతారు. ఇంత చేసి కాపాడిన స్టెరిలిటీ, ఆ చివరి ఐదారు సెకన్లలో పోవచ్చు.

ప్యాకెట్ రెండు పనులు చేయాలి, ఆ రెంటికీ పొసగదు. విప్పేదాకా గట్టిగా మూసుకుని ఉండాలి. విప్పాలనుకున్న క్షణంలో మాత్రం చిరగకుండా, కుదుపు లేకుండా, పీచు రాలకుండా తెరుచుకోవాలి. తయారీ వైపు పరీక్షల్లో ఎక్కువ భాగం మొదటి పని చుట్టూనే తిరుగుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో (ఓటీలో) ఉన్నవాళ్లు ప్యాకెట్‌ను మంచిదనేదీ చెడ్డదనేదీ రెండో పనిని బట్టి. ఈ ఎడం చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. స్టెరైల్ ప్యాకేజింగ్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 11607లో, 2019 కూర్పులో మాత్రం ఒక విషయం స్పష్టంగా చేరింది: వాడేవాళ్లు ప్యాకెట్‌ను తెరిచి, లోపలి వస్తువును కలుషితం కాకుండా అందించగలుగుతున్నారా అన్నది కూడా పరీక్షించి చూపాలి.

రెండు జతల చేతులు

తెరిచే పద్ధతి తెలిస్తేనే ప్యాకెట్ రూపం అర్థమవుతుంది. థియేటర్‌లో తిరుగుతూ సామగ్రి తెచ్చి ఇచ్చే సర్క్యులేటింగ్ నర్సు చేతులు స్టెరైల్ కావు. సర్జన్ పక్కన నిలబడి పరికరాలు అందించే స్క్రబ్ నర్సు గౌను, గ్లవ్స్ స్టెరైల్. ప్యాకెట్ బయటి ముఖం ఎన్నో చేతులు తగిలింది, లోపలి ముఖం ఎవరి చేయీ తగలనిది. కాబట్టి సర్క్యులేటింగ్ నర్సు బయటి ముఖాన్నే ముట్టుకుంటూ లోపలి ముఖాన్ని బయటపెట్టాలి. స్క్రబ్ నర్సు బయటి ముఖానికి తగలకుండా లోపలి వస్తువును తీసుకోవాలి. ఈ రెంటినీ వేరుచేసే గీత సీల్ పట్టీ లోపలి అంచు. సీల్ పట్టీ, దానికి బయట ఉన్న రెక్కలు అన్‌స్టెరైల్ కిందే లెక్క. వస్తువు బయటికి వస్తూ ఆ అంచుకు రాసుకుందంటే దాన్ని వాడకూడదు.

పైగా సర్క్యులేటింగ్ నర్సు స్టెరైల్ ఫీల్డ్‌కు (స్టెరైల్ గుడ్డ పరిచి, స్టెరైల్ వస్తువులే ఉంచే చోటుకు) కనీసం 30 సెంటీమీటర్ల ఎడంగా ఉండాలి, చేయి ఫీల్డ్ మీదుగా పోకూడదు. అంటే చేతులు చాచి, మోచేతులు గాలిలో ఉంచి ఒలవాలి. ప్యాకెట్‌ను బల్లమీద ఆనించి తీరిగ్గా విప్పే వీలు చాలాసార్లు ఉండదు. ఇదే పని ల్యాబ్‌లో బల్ల ముందు కూర్చుని చేసి చూసినవాళ్లకు ఈ కష్టం తెలియదు.

ఒక వైపు ఫిల్మ్, ఒక వైపు టైవెక్

పౌచ్‌కు ఒక వైపు పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్, రెండో వైపు కాగితంలా తెల్లగా ఉండే పొర ఎందుకన్న ప్రశ్నకు జవాబు స్టెరిలైజేషన్ పద్ధతిలో ఉంది. ఇథిలిన్ ఆక్సైడ్ గ్యాస్ అయినా, నీటి ఆవిరి అయినా ప్యాకెట్ మూసేశాకే లోపలికి పోవాలి, పని అయ్యాక బయటికీ రావాలి. ఫిల్మ్ దాన్ని తగినంతగా పోనివ్వదు. అందుకే కనీసం ఒక ముఖం గాలి పోయేదై ఉండాలి, కానీ క్రిములను ఆపాలి. మెడికల్ గ్రేడ్ కాగితం ఆ పని చేస్తుంది. టైవెక్ కూడా చేస్తుంది. టైవెక్ అంటే డూపాంట్ తయారుచేసే, అతి సన్నని పాలిథిలిన్ పోగులను వేడితో ఒత్తిన షీటు. పోగుల మధ్య దారి ఎంత మెలికలు తిరిగి ఉంటుందంటే గ్యాస్ అణువులు దాటుతాయి, క్రిములు మధ్యలోనే చిక్కుకుంటాయి. తడికి తట్టుకుంటుంది, సులువుగా చిరగదు, పీచు దాదాపు రాలదు. అయితే సుమారు 135 డిగ్రీల దగ్గర కరుగుతుంది గనుక 134 డిగ్రీల ఆవిరి సైకిల్‌కు పనికిరాదు. అందుకే ఆస్పత్రి సీఎస్ఎస్‌డీలో (పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగంలో) ఆవిరితో చేసే పౌచ్‌లు కాగితంవి, కంపెనీ నుంచి ఇథిలిన్ ఆక్సైడ్‌లో వచ్చేవాటిలో టైవెక్‌వి ఎక్కువ.

రేడియేషన్‌తో స్టెరిలైజ్ చేసే వస్తువులకు గాలి పోయే ముఖం అక్కర్లేదు. కరిగిపోయే రకం సూచర్ల (కుట్టు దారాల) సంగతి వేరు, వాటికి తేమ తగిలితే బలం తగ్గుతుంది. కాబట్టి వాటికి లోపల అల్యూమినియం ఫాయిల్, బయట ఒలిచే పౌచ్. సర్క్యులేటింగ్ నర్సు పౌచ్ ఒలిస్తే, పై ముఖం కూడా స్టెరైల్‌గా ఉన్న ఫాయిల్‌ను స్క్రబ్ నర్సు తీసుకుని గాటు దగ్గర చింపుతుంది. సూది మొన కాకుండా దాని నడుం నీడిల్ హోల్డర్‌కు నేరుగా అందేలా అమర్చి ఉంటే ఆ ఫాయిల్ చేసినవాళ్లు పని తెలిసినవాళ్లని అర్థం. దారాన్ని చిన్న చిన్న మడతలు పెట్టి కుక్కితే ఆ మడతల గుర్తు దారానికి మిగిలిపోతుంది, కుట్టేటప్పుడు ముడులు పడుతూ విసిగిస్తుంది. పెద్ద చుట్టుగా పెడితే ఈ బాధ తక్కువ.

ఒలిచేటప్పుడు జరిగేది

పౌచ్ ఒక కొస సీల్ గోపురం ఆకారంలో, మధ్యలో మొన తేలి ఉంటుంది. తెరవాల్సింది అటునుంచే. అది అలంకారం కాదు, లెక్క. కాగితం–ఫిల్మ్ పౌచ్‌లకున్న యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 868-5 ప్రకారం సీల్ వెడల్పు కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. ఆవిరితో స్టెరిలైజ్ చేసే పౌచ్ అయితే సీల్ బలం ప్రతి 15 మిల్లీమీటర్ల పొడవుకు కనీసం 1.5 న్యూటన్లు. అంటే దాదాపు 150 గ్రాముల బరువు వేలాడదీసినంత లాగుడు. ఇప్పుడు 15 సెంటీమీటర్ల వెడల్పున్న పౌచ్‌కు సీల్ అడ్డంగా తిన్నగా ఉందనుకోండి. మొత్తం వెడల్పు ఒక్కసారే విడిపోవాలి గనుక పది రెట్లు, అంటే 15 న్యూటన్లు లాగాలి. అదీ కనీస బలమే ఉన్న సీల్‌కు. ఆ బలం ఒక్కసారిగా తెగేసరికి చేతులు దూరంగా ఎగిరిపోతాయి, లోపలి వస్తువు గెంతుతుంది. గోపురం మొనతో మొదలైతే సీల్ కొద్దికొద్దిగా విడుతుంది, ప్రతి క్షణం లాగుడు తక్కువే, చేతికి అదుపు ఉంటుంది. గోపురం దాటాక మిగిలేది రెండు పక్కల సన్నని పట్టీలే.

చేతుల కదలిక ఇలా ఉండాలి. రెండు రెక్కలను బొటనవేలికీ చూపుడు వేలు పక్కభాగానికీ మధ్య పట్టుకోవాలి. పిడికిళ్లు ఒకదానికొకటి ఆనాలి. లాగకూడదు, బొటనవేళ్లను బయటికి దొర్లించాలి. మణికట్లు తిరుగుతుంటే రెండు పొరలూ సమానంగా వెనక్కి వాలుతాయి, లోపలి వస్తువు మధ్యలో నిలుస్తుంది. అడుగు సీల్ దాకా పోకుండా కొంచెం ముందే ఆగాలి. అప్పుడు వస్తువు పౌచ్ అడుగున ఆని ఉంటుంది, స్క్రబ్ నర్సు ఫోర్సెప్స్‌తోనో (పట్టకారుతోనో) చేత్తోనో నిటారుగా పైకి తీసుకోవచ్చు.

ఇది సాఫీగా సాగనిచోట కారణం సాధారణంగా చేతుల్లో కంటే ప్యాకెట్‌లోనే ఉంటుంది. మొదటిది, పట్టుకునే రెక్క చాలనంత చిన్నది. రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి విడదీయడానికే గోళ్లతో గీరాల్సి వస్తే, అందులోనూ సర్క్యులేటింగ్ నర్సు మామూలు గ్లవ్స్ వేసుకుని ఉంటే, ఒలవడం మొదలుకాకముందే సగం సమయం పోతుంది. రెండు రెక్కలూ ఒకే కొలతకు కాకుండా ఒకటి కాస్త పొడవుగా కోసి ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది.

రెండోది పీచు లేవడం. సీలింగ్ మెషీన్‌లో వేడి, ఒత్తిడి, సమయం మూడూ కుదరాలి. వేడి మరీ ఎక్కువైతే అతుకు కాగితం కన్నా గట్టిపడుతుంది. ఒలిచినప్పుడు విడిపోవాల్సింది అతుకు. దాని బదులు కాగితమే పొరలుగా చీలిపోతుంది, సన్నని పీచు గాలిలోకి లేస్తుంది. అది ఫీల్డ్ మీద వాలి గాయంలోకి చేరితే శరీరానికి పరాయి వస్తువే, చుట్టూ గడ్డ కట్టొచ్చు. సీఎస్ఎస్‌డీలో సీల్ చేసిన పౌచ్‌లు వరసగా ఇలా చిరుగుతుంటే ముందు అనుమానించాల్సింది సీలర్ ఉష్ణోగ్రతను. ఎదురు దిక్కు నుంచి, అంటే గోపురం లేని వైపు నుంచి ఒలిచినా కాగితం చీలే అవకాశం ఎక్కువ. ఫిల్మ్ వైపూ కొన్నిసార్లు సాలెగూడు దారాల్లాంటి సన్నని పోగులు సాగుతాయి. అవి పారదర్శకం గనుక కంటపడడం మరీ కష్టం.

మూడోది బలహీనమైన సీల్. దీన్ని పట్టుకునే కిటుకు సీల్‌లోనే ఉంది. చాలా పౌచ్‌ల సీల్ ఒలిచాక ఆ పట్టీ పొడవునా మంచుపట్టినట్టు తెల్లని గుర్తు మిగులుతుంది. అది తెగకుండా, ఒకే వెడల్పుతో చుట్టూ ఉందంటే సీల్ నిండుగా పట్టిందన్నమాట. ఎక్కడైనా అడ్డంగా సన్నని ఖాళీ గీత కనబడితే ఆ దారిన గాలి, దానితోపాటు క్రిములు పోయే వీలు ఉండింది. ఒక ముడత మీదుగా సీల్ పడ్డా, సీల్ చేసేటప్పుడు అంచులో దారం ముక్క చిక్కుకున్నా ఇలాగే అవుతుంది. ఒలవకముందు కూడా ఫిల్మ్ వైపు నుంచి వెలుతురుకు పట్టి చూస్తే ఈ గీత కనబడుతుంది. ఈ చూపు అలవాటైన నర్సు చేతిలో ప్యాకెట్ తిరిగేది ఒక్క సెకను, కానీ ఆ సెకను చాలా విలువైనది.

నాలుగోది, అన్నిటికన్నా చిరాకు పుట్టించేది, వెనక్కి ముడుచుకునే అంచు. చుట్టగా రవాణా అయిన ఫిల్మ్‌కు ఆ వంపు గుర్తుంటుంది. ఒలిచి వెనక్కి వాల్చినా స్ప్రింగులా తిరిగొచ్చి వస్తువును తాకుతుంది. తాకింది ఫిల్మ్ లోపలి ముఖమైతే ఫరవాలేదు, రెక్క అంచైతే ఆ వస్తువు పోయినట్టే. పొడవాటి క్యాథెటర్ల (ఒంట్లోకి పంపే సన్నని గొట్టాల) పౌచ్‌ల్లో ఇది మరీ ఎక్కువ. క్యాథెటర్‌కు దారి చూపే 260 సెంటీమీటర్ల గైడ్‌వైర్‌ను ప్లాస్టిక్ గొట్టంలో చుట్టగా పెట్టి ఇవ్వడం ఇందుకే. చుట్టను పట్టుకుంటే వైరంతా అదుపులో ఉంటుంది. గొట్టం లేకుండా కార్డుకు గుచ్చిన వైరు కొస ఎటు ఎగురుతుందో చెప్పలేం.

వస్తువును ఫీల్డ్ మీద పడేలా విదిలించడం చాలామందికి అలవాటు. గాజు వస్తువులు, ఎముక స్క్రూలు, పదునైనవి, బరువైనవి అలా వేయకూడదు. బరువైన డ్రిల్ భాగం ట్రాలీ మీద పడితే దానిపై పరిచిన స్టెరైల్ గుడ్డకు (డ్రేప్‌కు) చిల్లు పడుతుంది. చిన్న స్క్రూ గెంతి కింద పడుతుంది. తేలికవాటిని విదిలించినా చేయి ఫీల్డ్ మీదికి పోతుంది. అందించడమే మేలు.

ట్రే లోపల ట్రే

కీలు మార్పిడి ఇంప్లాంట్‌ను చూడండి. అట్టపెట్టె, దానిపై పలుచని ప్లాస్టిక్ చుట్టు, లోపల గట్టి ప్లాస్టిక్ ట్రే మీద టైవెక్ మూత, అందులో మరో ట్రే, మరో మూత, అందులో నురుగు దిమ్మలో ఇంప్లాంట్. సర్క్యులేటింగ్ నర్సు బయటి మూత ఒలుస్తుంది, లోపలి ట్రేను స్క్రబ్ నర్సు తీసుకుని ఫీల్డ్ దగ్గర విప్పుతుంది. ఇది మంచి పద్ధతే. కానీ ఒక చిక్కుంది. లోపలి పొర కూడా స్టెరైల్ బ్యారియరేనా (క్రిములను ఆపే పొరేనా), లేక ఊరికే వస్తువును పట్టి ఉంచే తొడుగా? బయటి పొర దుమ్ము నుంచి కాపాడేదేనా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. లోపలి పౌచ్ పై ముఖం స్టెరైల్ అనుకుని ఫీల్డ్ మీద పెట్టేస్తే, అది కాకపోతే, మొత్తం ట్రాలీ మార్చాలి.

దీనికి, వైద్య పరికరాల లేబుళ్ల మీది గుర్తుల ప్రమాణమైన ఐఎస్ఓ 15223-1, 2021 కూర్పులో గుర్తులు చేర్చింది. ఒక నిండు గీత అండాకారం ఉంటే ఒక స్టెరైల్ బ్యారియర్. రెండు నిండు గీతలుంటే రెండు బ్యారియర్లు, లోపలి ప్యాకెట్ పై ముఖమూ స్టెరైలే. నిండు గీతకు బయట చుక్కల గీత ఉంటే బయటి పొర రక్షణకే. లోపల చుక్కల గీత ఉంటే లోపలిది రక్షణ పొర. ఈ నాలుగు బొమ్మలు ఓటీ గోడ మీద అంటించి ఉంటే చాలు, వాదనలు తగ్గుతాయి.

మూత ఒలిచేటప్పుడు ఒక మూల నుంచి మొదలుపెట్టి ఎదుటి మూల దాకా ఐమూలగా, ఆగకుండా లాగాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడితే ట్రే ఊగుతుంది. ట్రే అంచు కంటే మూత బయటికి పొడుచుకురాకపోతే పట్టు దొరకదు. కంపెనీ లేబుల్‌ను మూత మూల మీదికి అంటించినా అంతే. లేబుల్ జిగురు మూతకూ ట్రేకూ కలిపి పట్టేస్తే టైవెక్ అక్కడే మెలికపడుతుంది.

చదవడం

ల్యాపరోస్కోపీ (చిన్న గాట్లలోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్) సమయంలో థియేటర్ లైట్లు తగ్గిస్తారు. వెలుగంతా స్క్రీన్ మీదే. అప్పుడు మెరిసే ఫాయిల్ మీద బూడిదరంగు అక్షరాల్లో, బియ్యపుగింజలో పావంత సైజులో ముద్రించిన ఎక్స్‌పైరీ తేదీ చదవాలి. ఫాయిల్ ఏ కోణంలో తిప్పినా ఒక వెలుగు పట్టీ అక్షరాల మీద పడుతుంది. సైజు చెప్పే అంకె కంపెనీ పేరుకన్నా చిన్నగా ఉంటుంది. ఒకే కంపెనీ డబ్బాలన్నీ ఒకే రంగు, ఎడమా కుడీ తేడా ఒకే ఒక్క అక్షరం. నర్సు పొరపాటు అని రాసుకునే వాటిలో కొన్నింటికి అసలు బీజం ఈ ముద్రణలోనే ఉంటుంది.

ఇంప్లాంట్ పొరపాటుకు ఉన్న గట్టి అడ్డుకట్ట, విప్పకముందే చదివి వినిపించడం. సర్క్యులేటింగ్ నర్సు పేరు, సైజు, ఎడమా కుడా, ఎక్స్‌పైరీ పైకి చదువుతుంది. సర్జన్ విని అవునన్నాకే సీల్ ముట్టుకోవాలి. ఒకసారి సీల్ విప్పిన ఒకేసారి వాడే ఇంప్లాంట్‌ను తిరిగి అలమరలో పెట్టలేం. తేదీ పక్కన ఇసుక గడియారం గుర్తు ఉంటే గడువు, ఫ్యాక్టరీ గుర్తు ఉంటే తయారీ తేదీ. ఈ రెండూ పక్కపక్కనే ముద్రించినచోట తడబడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. గీత కొట్టిన 2 అంకె ఉంటే మళ్లీ వాడకూడదని.

బార్‌కోడ్ ఈ బాధ తీర్చాల్సింది. ప్రత్యేక గుర్తింపు కోడ్‌లో బ్రాకెట్ల మధ్య 01 తర్వాత వస్తువు సంఖ్య, 17 తర్వాత గడువు, 10 తర్వాత లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు, 21 తర్వాత సీరియల్ ఉంటాయి. కానీ ఒకే పెట్టె మీద మూడు నాలుగు బార్‌కోడ్‌లుంటే స్కానర్ దేన్ని చదివిందో తెలియదు. అంటించి ఇచ్చే స్టిక్కర్లు నాలుగైదు ఉంటే రోగి రికార్డుకు, రిజిస్టర్‌కు, ఇంప్లాంట్ కార్డుకు సరిపోతాయి. అవి అట్టపెట్టెలోనే ఉండి, పెట్టె చెత్తలోకి పోతే లాట్ నంబరు కూడా పోయినట్టే. రేపు ఆ లాట్‌ను కంపెనీ వెనక్కి పిలిస్తే ఏ రోగి ఒంట్లో ఉందో చెప్పడానికి ఆధారం ఆ స్టిక్కరే.

అలమరలో జరిగే నష్టం

స్టెరిలిటీని గడువు తేదీతో మాత్రమే కొలవలేం. ప్యాకెట్‌కు ఏం జరిగిందన్నదీ అంతే ముఖ్యం. తడిసినా, చిల్లుపడినా, కింద పడినా, తేదీ ఎంత దూరంలో ఉన్నా పనికిరాదు. ఐదారు పౌచ్‌లను రబ్బరు బ్యాండుతో కట్టడం, బుట్టలో ఒత్తి కుక్కడం, పొడవాటి పౌచ్‌ను మధ్యకు మడిచి పెట్టడం, ఇవన్నీ సూదిమొన చిల్లులకు దారులు. మడత గీత మీదే ఫిల్మ్ అలిసిపోయి పగులుతుంది. లోపల కత్తెర మొనలకు తొడుగు లేకపోతే పౌచ్‌ను కదిపిన ప్రతిసారీ అవి ఫిల్మ్‌ను పొడుస్తుంటాయి. రవాణా అట్టపెట్టెలను ఓటీ స్టోరులోకి తేకపోవడం, నేలకు 20 నుంచి 25 సెంటీమీటర్లు, బయటి గోడకు 5, సీలింగ్ స్ప్రింక్లర్‌కు 45 సెంటీమీటర్లు ఎడం వదలడం ఇప్పటికే చాలాచోట్ల నియమం.

సీఎస్ఎస్‌డీలో రెండు పౌచ్‌లు వాడేటప్పుడు కాగితం వైపు కాగితం, ఫిల్మ్ వైపు ఫిల్మ్ ఉండాలి, లేకపోతే ఆవిరి ఫిల్మ్ దగ్గరే ఆగిపోతుంది. లోపలి పౌచ్‌ను మడవకూడదు. రాయాల్సింది ఫిల్మ్ వైపు. కాగితం మీద పెన్ను ఒత్తితే చిల్లు పడొచ్చు, సిరా లోపలికి ఇంకొచ్చు. పౌచ్ మీద రంగు మారే గుర్తు, ఆ ప్యాకెట్ సైకిల్‌లోకి పోయివచ్చిందని మాత్రమే చెబుతుంది. స్టెరైల్ అయిందని చెప్పదు.

ప్యాకెట్ ముక్కలూ లెక్కలోకే వస్తాయి

గాయంలో మిగిలిపోయేది గాజుగుడ్డ, సూది మాత్రమే కాదు. పరికరం మొనకు పెట్టిన ప్లాస్టిక్ టోపీ, నురుగు ముక్క, చింపిన ఫాయిల్ కొస కూడా పోగలవు. అందుకే ఆ టోపీలను విప్పిన వెంటనే ఫీల్డ్ నుంచి తీసేయాలి, ఫాయిల్‌ను పూర్తిగా విడిపోకుండా చింపాలి. కొస వేరుకాని ఫాయిల్ తయారుచేయడం కష్టమేమీ కాదు. ఖాళీ సూచర్ ప్యాకెట్లను సూదుల లెక్క తేలేదాకా దాచాలి. ఐదో పదో ఉండాల్సిన గాజుగుడ్డల కట్టలో ఒకటి తక్కువో ఎక్కువో వస్తే, ఆ కట్ట మొత్తాన్ని వేరుగా మూటకట్టి పక్కన పెట్టాలి. సరిచేసి వాడబోతే తర్వాతి లెక్కలన్నీ అనుమానంలో పడతాయి.

ఇంత ప్యాకింగ్ చెత్తగా ఎక్కడికి పోతుందన్న ప్రశ్న కూడా సిబ్బందిని తొలుస్తూనే ఉంటుంది. టైవెక్, గట్టి ట్రే, చుట్టే నీలి గుడ్డ వేర్వేరు ప్లాస్టిక్‌లు. రోగి లోపలికి రాకముందు విప్పినవి రక్తం తగలనివి గనుక వేరు చేయడానికి వీలవుతుంది. కేసు మొదలయ్యాక అన్నీ ఒకే సంచిలో పడతాయి. రెండు ప్లాస్టిక్‌లను కలిపి అతికించిన ఫిల్మ్‌ను మాత్రం వేరుచేసినా తిరిగి వాడుకోవడం కష్టం.

కొత్త ప్యాకెట్‌ను ఎంచుకునే కమిటీలో స్క్రబ్, సర్క్యులేటింగ్ నర్సులు తప్పక ఉండాలి. నమూనాలను కేసు వేగంతో, గ్లవ్స్‌తో, తగ్గించిన వెలుతురులో, ముందు ఎవరూ నేర్పకుండా తెరిపించి చూడాలి. పట్టు ఎక్కడ దొరికింది, ఎటునుంచి తెరిచారు, వస్తువు అంచుకు తగిలిందా, పీచు లేచిందా అన్నవి రాసుకుంటే చాలు, నచ్చిందా అని అడగనక్కర్లేదు. వాడకంలోకి వచ్చాక ఏదైనా ప్యాకెట్ సరిగా తెరుచుకోకపోతే దాన్ని పారేయకూడదు. ఫిల్మ్ ముక్క, టైవెక్ ముక్క రెండూ, లాట్ నంబరున్న లేబుల్‌తో సహా, ఒక సంచిలో వేసి, ఎటునుంచి ఒలిచారో, ఎక్కడ చిరిగిందో రాసి పెట్టాలి. సీల్ అతిగా వేడెక్కిందా, అసలు పట్టలేదా అన్నది ఆ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒక ముక్కే మిగిలితే కంపెనీ ఇంజనీరు చెప్పగలిగేది చాలా తక్కువ.